విదేశీ విహారం: నోట్లు ఎన్ని, కార్డులో ఎంత?

సెలవులకు విదేశాలకు వెళ్లే పాఠకులు డబ్బు గురించి అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. బ్యాంకు చార్జీలు కార్డును బట్టి మారతాయి కాబట్టి ఇక్కడ సాధారణంగా వసూలు చేసేవి చెప్పాం. మీ కార్డు చార్జీల పట్టిక బ్యాంకు యాప్‌లో ఉంటుంది, బయల్దేరే ముందు ఒకసారి చదువుకోండి.

సంక్రాంతి సెలవులకు మేం నలుగురం, ఇద్దరు పిల్లలతో కలిపి, ఆరు రోజులు బ్యాంకాక్, క్రాబీ వెళ్తున్నాం. ఖర్చు డబ్బంతా బాట్లుగా మార్చి ఇస్తానని ఏజెంటు అంటున్నాడు. నోట్లే వద్దు, కార్డు చాలని మా తమ్ముడు అంటున్నాడు. ఏది నయం?
– ఒక పాఠకురాలు, విజయవాడ

ఇద్దరి సలహా పాటించినా మీకు నష్టమే. థాయ్‌లాండ్‌లో హోటళ్లు, మాల్స్, పెద్ద రెస్టారెంట్లు కార్డు తీసుకుంటాయి. వీధి భోజనం, టుక్‌టుక్, సాంగ్‌థావ్ (వెనక బెంచీలున్న షేర్ బండి), పడవ వాళ్లు, రాత్రి బజార్లు మాత్రం నోట్ల మీదే నడుస్తాయి. చిన్న దుకాణాల్లోనూ క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. అది అక్కడి బ్యాంకు ఖాతాలున్న వాళ్ల కోసం పెట్టిన ప్రాంప్ట్‌పే. మన యూపీఐతో పని జరుగుతుందని దాన్ని నమ్ముకుని వెళ్లకండి. విమానాశ్రయం నుంచి మీటరు ట్యాక్సీ ఎక్కితే మీటరు మీద 50 బాట్ల విమానాశ్రయ రుసుము, దారిలో ఎక్స్‌ప్రెస్‌వే టోలు చేతికివ్వాలి. ఫి ఫి దీవుల్లోని మాయా బే చూడాలంటే జాతీయ పార్కు రుసుము విదేశీయులకు పెద్దలకు 400, పిల్లలకు 200 బాట్లు. చాలా టూర్ల ధరలో ఇది కలిసి ఉండదు, పడవ దగ్గర నోట్లే అడుగుతారు.

హోటల్, థాయ్‌లాండ్ లోపల తిరిగే విమానం టికెట్ ఇక్కడే కట్టేస్తే మీ నలుగురికీ రోజుకు రెండున్నర నుంచి మూడు వేల బాట్ల నోట్లు సరిపోతాయి. ఆరు రోజులకు పదిహేను నుంచి పద్దెనిమిది వేలు. మిగతాదంతా కార్డుకు వదిలేయండి.

ఇక ఆ బాట్లు ఎక్కడ కొనాలన్నది అసలు విషయం. మన దగ్గర డాలరుకు ఉన్న గిరాకీ బాట్‌కు లేదు. అందుకే బాట్ అమ్మేవాళ్లు ధరలో తేడా ఎక్కువ పెట్టుకుంటారు. ఏజెంటు చెప్పిన ధరను ఇలా పరీక్షించండి: ఫోన్‌లో ఆ రోజు మార్కెట్ ధర చూడండి. ఏజెంటు ధరలోంచి దాన్ని తీసేసి, వచ్చినదాన్ని మార్కెట్ ధరతో భాగించి, వందతో హెచ్చవేయండి. అదే మీరు కట్టే అసలు రుసుము శాతం. ‘కమిషన్ లేదు’ అన్న బోర్డుకు అర్థం లేదు, కమిషన్ ధరలోనే ఉంటుంది. డాలరు నోట్లకు రెండు శాతం లోపు వస్తే మంచి బేరం. బాట్లకు ఐదారు శాతం చెబితే వదిలేయండి.

ఇక్కడ 600 డాలర్లు కొని బ్యాంకాక్‌లో మార్చుకోవడం మీకు మేలు. కొనేటప్పుడు నీలం పట్టీ ఉన్న కొత్త రకం వంద డాలర్ల నోట్లే అడిగి తీసుకోండి. అక్కడి మనీ ఛేంజర్ బోర్డు మీద వంద నోటుకు ఒక ధర, చిన్న నోట్లకు అంతకంటే తక్కువ ధర రాసి ఉంటుంది. పెన్ను గీత, స్టాంపు ముద్ర, చిరుగు ఉన్న నోటును వెనక్కి ఇచ్చేస్తారు. కాబట్టి ఇక్కడి కౌంటర్ దగ్గరే ఒక్కో నోటు తిప్పి చూసుకోండి. సువర్ణభూమి విమానాశ్రయంలో సామాన్లు తీసుకునే చోట ఉన్న కౌంటర్ల దగ్గర ఆగకండి. కింద రైలు ఎక్కే అంతస్తులో ఉన్న మనీ ఛేంజర్ల ధరలు నగరంలోని ధరలకు దగ్గరగా ఉంటాయి. అసలు పాస్‌పోర్టు చూపించమంటారు, అది చేతి సంచిలోనే ఉంచుకోండి. క్రాబీలో ధర కాస్త తగ్గుతుంది కాబట్టి బ్యాంకాక్‌లోనే 500 డాలర్లు మార్చేసుకుని, చివరి వంద నోటును కదపకుండా ఉంచుకోండి.

ఏటీఎం సంగతి కూడా చెప్పాలి. అక్కడి ఏటీఎం విదేశీ కార్డుకు ప్రతిసారీ కనీసం 220 బాట్లు పట్టుకుంటుంది. మూడు వేల బాట్లు తీస్తే అది ఏడు శాతానికి పైగా, ఇరవై వేలు తీస్తే ఒక శాతానికి కొంచెం ఎక్కువ. మీ బ్యాంకు రుసుము దీనికి అదనం. ఏటీఎంకు వెళ్లాల్సి వస్తే ఒకేసారి పెద్ద మొత్తం తీయండి. రోజూ కొంచెం కొంచెం తీసే అలవాటు అక్కడ చాలా ఖరీదు.

ప్యారిస్, స్విట్జర్లాండ్, ప్రాగ్ పది రోజుల యాత్ర. జీతం ఖాతా డెబిట్ కార్డు, ఒక క్రెడిట్ కార్డు ఉన్నాయి. ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) కూడా తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

ముందు లెక్క చూద్దాం. మామూలు క్రెడిట్ కార్డు మీద విదేశీ మారకపు మార్కప్, అంటే బ్యాంకు అదనంగా వేసుకునే రుసుము, 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయల ఖర్చుకు 3,500, పన్ను 630, కలిపి 4,130 రూపాయలు అదనం. కొన్ని కార్డులకు మార్కప్ 2 శాతమే, కొన్నింటికి అసలు లేదు. మార్కప్ లేని కార్డు చేతిలో ఉంటే షాపుల్లో, రెస్టారెంట్లలో దాన్ని మించింది లేదు. వీసా, మాస్టర్‌కార్డ్ వేసే మారకపు ధర మార్కెట్ ధరకు చాలా దగ్గరగా ఉంటుంది.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నోట్లు మాత్రం తీయకండి. నగదు రుసుము సాధారణంగా 2.5 శాతం, అదీ కనీసం ఐదు వందలు. దాని పైన మార్కప్. వడ్డీ తీసిన రోజు నుంచే మొదలవుతుంది, బిల్లు గడువు వరకు ఉండే వెసులుబాటు నగదుకు వర్తించదు. డెబిట్ కార్డుతో తీస్తే ఒక్కోసారికి నూట పాతిక, నూట యాభై రూపాయలు, పన్ను, దాని పైన మార్కప్.

ఫారెక్స్ కార్డు మీకు ఉపయోగపడేది యూరోల వరకే. లోడ్ చేసిన రోజు ధరే ఖాయం, ఆ తర్వాత రూపాయి పడిపోయినా మీకు తేడా రాదు. యూరోలు వాడే చోట గీకితే మార్కప్ లేదు. చిక్కు వచ్చేది స్విట్జర్లాండ్‌లో. అక్కడ ఫ్రాంకులు, చెక్ రిపబ్లిక్‌లో కొరునాలు. కార్డులో యూరోలే ఉండి మీరు ప్రాగ్‌లో గీకితే, బ్యాంకు యూరోలను కొరునాలుగా మార్చి 2 నుంచి 3.5 శాతం క్రాస్ కరెన్సీ రుసుము పట్టుకుంటుంది. ‘మల్టీ కరెన్సీ’ అన్న మాట చూసి ఇది ఉండదనుకునేవాళ్లు ఎక్కువ. కార్డులో ఏయే కరెన్సీలను విడిగా నింపుకునే వీలుందో అడగండి. ఫ్రాంకుకు సాధారణంగా ఉంటుంది, విడిగా లోడ్ చేయించుకోండి. కొరునాకు చాలా కార్డుల్లో ఉండదు, అక్కడ మార్కప్ తక్కువున్న క్రెడిట్ కార్డు వాడండి.

అవసరం అనుకున్నదాంట్లో మూడొంతుల్లో రెండు వంతులే లోడ్ చేసుకోండి. తక్కువైతే నెట్ బ్యాంకింగ్‌లో మళ్లీ నింపుకోవచ్చు, కానీ శనివారం రాత్రి వేసిన డబ్బు సోమవారం దాకా పడకపోవచ్చు. మిగిలిపోతే తిరిగి రూపాయల్లోకి మార్చేటప్పుడు కొనుగోలు ధర ఇస్తారు, రెండోసారి నష్టం.

నోట్ల విషయానికొస్తే, యూరప్‌లో ఒక దేశానికీ ఇంకో దేశానికీ పోలిక లేదు. స్వీడన్‌లో నోట్లు తీసుకోని దుకాణాలు కోకొల్లలు. జర్మనీలో ఇప్పటికీ కార్డు తీసుకోని బేకరీలు, చిన్న రెస్టారెంట్లు దొరుకుతాయి. ఇద్దరు వెళ్తుంటే మీ మూడు దేశాలకూ కలిపి 200 యూరోలు, అదీ పది, ఇరవై నోట్లలో, చాలు. రైల్వే స్టేషన్లలో మరుగుదొడ్డికి డబ్బు కట్టాలి, కొన్నిచోట్ల నాణేలే పడతాయి, కాబట్టి చిల్లర వచ్చినప్పుడు రెండు మూడు నాణేలు వదలకుండా ఉంచుకోండి. అలాగని పోగేయొద్దు, నాణేలను ఏ మనీ ఛేంజరూ వెనక్కి తీసుకోడు.

క్రెడిట్ కార్డుకు పిన్ పెట్టుకున్నారో లేదో చూసుకోండి. టికెట్ మిషన్లు, మనిషి లేని పెట్రోలు బంకులు సంతకం తీసుకోలేవు, పిన్ లేకపోతే పని జరగదు.

షాపులో కార్డు పెట్టగానే మిషన్ మీద రూపాయల్లో ఒక అంకె, అక్కడి కరెన్సీలో ఒక అంకె కనిపించింది. రూపాయలైతే ఎంత ఖర్చయిందో వెంటనే తెలుస్తుందని అదే నొక్కాను. తప్పా?
– ఒక పాఠకుడు, కర్నూలు

తప్పే, ఇకమీదట ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. రూపాయలు నొక్కితే మారకం చేసేది మీ కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటిది) కాదు, ఆ షాపు మిషన్ వెనక ఉన్న సంస్థ. దాని ధర ఎంత ఉండాలన్నది దాని ఇష్టం. మార్కెట్ ధర కంటే ఐదారు శాతం ఎక్కువ వేయడం మామూలే, పది దాటే చోట్లూ ఉన్నాయి. మీ బ్యాంకు రుసుము తప్పిందా అంటే అదీ లేదు. విదేశంలో రూపాయల్లో జరిగిన లావాదేవీకి మన క్రెడిట్ కార్డు బ్యాంకులు చాలావరకు విడిగా ఒక శాతం, దాని మీద జీఎస్టీ వేస్తాయి. విదేశీ సైట్లలో రూపాయల ధర చూసి హోటల్ బుక్ చేసినా ఇదే పడొచ్చు.

ఏటీఎం ఇదే ప్రశ్నను భయపెట్టేలా అడుగుతుంది. ‘మారకం అంగీకరిస్తారా, తిరస్కరిస్తారా’ అని వచ్చినప్పుడు తిరస్కరిస్తే డబ్బు రాదేమోనని చాలామంది అంగీకరించేస్తారు. తిరస్కరించండి. డబ్బు వస్తుంది, మారకం మీ బ్యాంకు చేస్తుంది. కొందరు క్యాషియర్లు అడగకుండానే రూపాయలు నొక్కేస్తారు. స్లిప్పు మీద రూపాయల్లో మొత్తం కనిపిస్తే అక్కడికక్కడే రద్దు చేయించి మళ్లీ గీకమనండి. షాపు దాటాక మీ బ్యాంకు చేయగలిగింది చాలా తక్కువ, ఎందుకంటే లెక్క ప్రకారం అది మీరు ఒప్పుకున్న లావాదేవీ.

దుబాయ్‌లో హోటల్‌లో దిగేటప్పుడు డిపాజిట్ అని ఫారెక్స్ కార్డు మీద 1,000 దిర్హాములు పట్టుకున్నారు. ఖాళీ చేసేటప్పుడు వదిలేశామన్నారు. ఇంటికొచ్చి పది రోజులైనా కార్డులోకి రాలేదు.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

మీ డబ్బు హోటల్ దగ్గర లేదు, మీ కార్డులోనే తాళం పడి ఉంది. దీన్ని ప్రీ ఆథరైజేషన్ అంటారు. హోటల్ ఆ మొత్తాన్ని వసూలు చేయదు, మీరు వాడకుండా ఆపుతుంది. వదిలేశామన్న కబురు హోటల్ బ్యాంకు నుంచి కార్డు నెట్‌వర్క్ మీదుగా మీ బ్యాంకుకు చేరాలి. చేరకపోతే గడువు తీరాక తాళం దానంతటదే ఊడుతుంది, దానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల పడుతుంది. తొందరగా కావాలంటే హోటల్‌కు మెయిల్ రాసి రెండు వివరాలు అడగండి: ఆథరైజేషన్ కోడ్, విడుదల చేసిన తేదీ ఉన్న లేఖ. ఆ లేఖను కార్డు ఇచ్చిన బ్యాంకుకు పంపితే వాళ్లు చేత్తో విడుదల చేయగలరు.

ఈసారి నుంచి డిపాజిట్‌కు క్రెడిట్ కార్డే ఇవ్వండి. అందులో ఆగేది లిమిట్, మీ సొంత డబ్బు కాదు. అద్దె కారు దగ్గర కూడా అంతే, ఫారెక్స్ కార్డును చాలా కంపెనీలు అసలు తీసుకోవు. అమెరికా వెళ్లేవాళ్లకు ఇంకొకటి: పెట్రోలు పంపు దగ్గరి మిషన్ అక్కడి చిరునామా పిన్‌కోడ్ (జిప్ కోడ్) అడుగుతుంది, మన కార్డుకు అది ఉండదు. లోపలికి వెళ్లి క్యాషియర్‌కు పంపు నంబరు చెప్పి కట్టండి.

అమ్మానాన్న సింగపూర్ వెళ్తున్నారు. ఇద్దరికీ ఫోన్‌లో యూపీఐ తప్ప వేరేది అలవాటు లేదు. అక్కడ పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సింగపూర్, యూఏఈ, మారిషస్, శ్రీలంక, నేపాల్, భూటాన్, ఫ్రాన్స్‌లలో యూపీఐ తీసుకునే దుకాణాలు ఉన్నాయి. ‘ఉన్నాయి’ అంటే అన్నీ అని కాదు. ఆ గుర్తు ఉన్న చోటే పనిచేస్తుంది. యాప్‌లో అంతర్జాతీయ యూపీఐని ముందే ఆన్ చేయాలి, ఫోన్‌లో డేటా ఉండాలి, బ్యాంకు తన మారకపు రుసుము వేసుకుంటుంది. మీ అమ్మగారికి, నాన్నగారికి దాన్ని మూడో దారిగా ఉంచండి, మొదటి దారిగా కాదు.

మెట్రో, బస్సుల్లో కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్ నేరుగా ట్యాప్ చేయొచ్చు. అయితే ఒక్కో మనిషికి ఒక్కో కార్డు కావాలి, ఒకే కార్డుతో ఇద్దరు గేటు దాటలేరు. ఎక్కేటప్పుడు ట్యాప్ చేసిన కార్డుతోనే దిగేటప్పుడూ చేయాలి. విదేశీ కార్డుకు వాడిన రోజుకు 60 సెంట్ల రుసుము కూడా పడుతుంది. పెద్దవాళ్లకు స్టేషన్‌లో ఇద్దరికీ చెరొక ఈజీ లింక్ కార్డు (ముందే డబ్బు నింపుకునే ప్రయాణ కార్డు) కొనివ్వడం తేలిక. హాకర్ సెంటర్లలో (చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే చోట్లు) భోజనానికి రెండు, ఐదు, పది డాలర్ల నోట్లు ఉండాలి. ఇద్దరికీ ఐదు రోజులకు 250 సింగపూర్ డాలర్ల నోట్లు ఇచ్చి పంపండి. సింగపూర్ డాలరు మన దగ్గర సరైన ధరకే దొరుకుతుంది, అమెరికన్ డాలర్ల మీదుగా మార్చి రెండుసార్లు నష్టపోవద్దు.

రూపే కార్డు ఇచ్చి పంపాలనుకుంటే ముందు వెనక వైపు చూడండి. డిస్కవర్, డైనర్స్ లేదా జేసీబీ గుర్తు లేని రూపే కార్డు చాలా దేశాల్లో పనిచేయదు.

విమానం దిగాక కార్డు ఎక్కడ పెట్టినా ‘డిక్లైన్డ్’ అని వస్తోంది. ఖాతాలో డబ్బుంది. ఏం చేయాలి? కార్డు పోతే ఎలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

పదిలో తొమ్మిదిసార్లు కారణం ఒకటే. 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్త కార్డు మన దేశంలోనే పనిచేసేలా వస్తుంది. విదేశీ వాడకాన్ని మీరే ఆన్ చేయాలి. బ్యాంకు యాప్‌లో షాపు, ఏటీఎం, ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్‌లకు విడివిడిగా మీటలు, విడివిడిగా రోజువారీ పరిమితులు ఉంటాయి. షాపు, కాంటాక్ట్‌లెస్ ఆన్ చేసి ఏటీఎం మరిచిపోవడం, పరిమితి సున్నా మీదే వదిలేయడం తరచుగా జరిగేవి. విదేశీ ఆన్‌లైన్ మీటను మాత్రం ఆపి ఉంచండి. బయటి సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు, కార్డు నంబరు దొరికినవాడికి అదే చాలు.

ఆ యాప్ తెరవడానికే ఓటీపీ కావాలి. అందుకే ఇంటి సిమ్ తీసి పెట్టెలో పెట్టకండి. బయల్దేరే ముందు రోమింగ్ ఆన్ చేయించి, డేటా రోమింగ్ ఆపేసి, మెసేజ్‌లు వచ్చేలా ఉంచుకోండి. డేటాకు అక్కడి సిమ్ వాడుకోండి.

కార్డు పోయినా, ఏటీఎం మింగినా, ముందు యాప్‌లో బ్లాక్ చేయండి, తర్వాతే మిగతావి. మీ పొరపాటు గానీ బ్యాంకు పొరపాటు గానీ లేకుండా బయటివాళ్లు చేసిన మోసాన్ని మూడు పని దినాల్లోగా బ్యాంకుకు తెలిపితే మీ మీద భారం పడదు. ఆలస్యమయ్యేకొద్దీ భారం పెరుగుతుంది. ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి. ఏటీఎం వాడక తప్పకపోతే బ్యాంకు శాఖకు ఆనుకున్నదే, శాఖ తెరిచి ఉన్న వేళే వాడండి, మింగినా లోపలికి వెళ్లి అడగొచ్చు. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, వేర్వేరు మనుషుల దగ్గర ఉండాలి. ఫారెక్స్ కార్డుతో ఇచ్చే రెండో కార్డును అదే పర్సులో పెట్టుకునేవాళ్లు ఉన్నారు. పర్సు పోతే రెండూ పోతాయి.

ఎన్ని డాలర్ల నోట్లు తీసుకెళ్లొచ్చు? పన్ను పడుతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువైన నోట్ల వరకే, మిగతాది కార్డులో. కొనేటప్పుడు 50,000 రూపాయల వరకే నగదు ఇవ్వొచ్చు, అంతకు మించితే ఖాతా నుంచి కట్టాలి. పాస్‌పోర్టు, పాన్, టికెట్, అవసరమైన చోట వీసా చూపించాలి. లక్ష రూపాయల లోపు మారకానికి జీఎస్టీ మొత్తం మీద 0.18 శాతమే, కనీసం 45 రూపాయలు. నేపాల్, భూటాన్ కాకుండా వేరే దేశాలకు వెళ్తుంటే మన రూపాయలు 25,000 దాకా వెంట ఉంచుకోవచ్చు, తిరిగొచ్చాక ఇంటికి చేరడానికి అవే ఆధారం.

టీసీఎస్ (విదేశీ ఖర్చు మీద ముందే కోసే పన్ను) విషయంలో 2025 ఏప్రిల్ నుంచి పరిమితి ఆర్థిక సంవత్సరానికి పది లక్షలు, అది దాటితేనే కోత. నోట్లు, ఫారెక్స్ కార్డు, డెబిట్ కార్డు ఖర్చు ఈ లెక్కలోకి వస్తాయి. విదేశంలో ఉండి క్రెడిట్ కార్డుతో పెట్టిన ఖర్చును ఇప్పటివరకు ఇందులో కలపలేదు. ఒకవేళ కోసినా అది రిటర్నులో సర్దుబాటయ్యే డబ్బే. టూర్ ప్యాకేజీకి లెక్క వేరు, ఏజెంటు మొదటి రూపాయి నుంచే వసూలు చేస్తాడు.

తిరిగొచ్చాక 2,000 డాలర్ల వరకు నోట్లు దగ్గర ఉంచుకోవచ్చు, అంతకు మించినవి 180 రోజుల్లోగా అమ్మేయాలి. మళ్లీ వెళ్లే ఆలోచన ఉంటే డాలర్లు, యూరోలు దాచుకోండి. బాట్లు, ఇండోనేషియా రుపియాలు అక్కడే ఖర్చు పెట్టి రండి.

బాలిలో మనీ ఛేంజర్లు మోసం చేస్తారని విన్నాం. డాలర్లు తీసుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

తీసుకెళ్లండి, కానీ మార్చే చోటు చూసుకోండి. కూటా, ఉబుద్ వీధుల్లో సావనీర్ల కొట్టు మూలన బల్ల వేసుకుని, పక్కనున్న అందరికంటే మంచి ధర బోర్డు పెట్టినవాడి దగ్గరికి వెళ్లొద్దు. వంద డాలర్లకు పదిహేను లక్షల రుపియాల పైమాటే, అంత మొత్తాన్ని చిన్న నోట్లలో ఇచ్చి, బల్ల మీద దొంతరలుగా పేర్చి లెక్కపెడతారు. మీరు లెక్కపెట్టి సరే అన్నాక ‘ఇంకోసారి’ అంటూ చేతిలోకి తీసుకుని, అంచు సర్దే వంకతో కొన్ని నోట్లను తమ వైపు జార్చేస్తారు. గాజు తలుపు, కౌంటరు, రసీదు ఉన్న అనుమతి పొందిన చోటికో, బ్యాంకుకో వెళ్లండి. లక్ష రుపియాల నోట్లే ఇమ్మనండి. డాలర్లను మీ చేతిలోనే ఉంచుకుని, రుపియాలు మీరు చివరిగా లెక్కపెట్టండి. ఆ తర్వాత ఆ నోట్లను వాళ్లు మళ్లీ ముట్టుకుంటే లెక్క మొదటి నుంచి పెట్టండి. అందుకు ఒప్పుకోకపోతే మీ డాలర్లతో బయటికి వచ్చేయండి.